మీ అభిమాన శాస్త్రవేత్త ఎవరు? ఆ మనిషి చేసిన ఏ పని మిమ్మల్ని కట్టిపడేసింది?

కొలబద్ద:
అందరికీ నమస్కారం. అభిమాన శాస్త్రవేత్త ఎవరని అడిగితే పేర్లు టకటకా వచ్చేస్తాయి. నాకు పేరుతో పాటు ఇంకొకటి కావాలి. ఆ మనిషి చేసిన పనుల్లో ఏది మిమ్మల్ని పట్టేసింది? కనిపెట్టినవాటి జాబితా వద్దు, అది ఎక్కడైనా దొరుకుతుంది.

నేనే మొదలుపెడతాను. నాకు కెప్లర్ అంటే ప్రాణం. టైకో బ్రాహీ టెలిస్కోపు లేని రోజుల్లో ఉత్త కంటితో ఏళ్ల తరబడి అంగారకుడి స్థానాలు కొలిచి పెట్టుకున్నాడు. 1601లో ఆయన పోయాక ఆ కొలతలు కెప్లర్ చేతికి వచ్చాయి. కెప్లర్ ఒక వృత్తాకార కక్ష్య అనుకుని, సూర్యుణ్ణి కేంద్రం నుంచి కాస్త పక్కకు జరిపి లెక్కలు వేశాడు. కనీసం 70 సార్లు తిరగేశానని తనే రాసుకున్నాడు. ఆ కక్ష్య చాలావరకు సరిపోయింది కూడా. కానీ కొన్ని చోట్ల 8 ఆర్క్ నిమిషాల తేడా వచ్చింది. పున్నమి చంద్రుడి వెడల్పు దాదాపు 30 ఆర్క్ నిమిషాలు, అందులో పావు వంతు అనుకోండి. పాత ఖగోళ శాస్త్రం 10 నిమిషాల తేడాని అసలు పట్టించుకునేదే కాదు.

కెప్లర్ పట్టించుకున్నాడు. టైకో కొలతలో అంత తప్పు ఉండదు, కాబట్టి తప్పు నా కక్ష్యదే అని తేల్చి, ఏళ్ల శ్రమని పక్కన పెట్టేశాడు. గ్రహాలు వృత్తాల్లోనే తిరగాలన్న రెండు వేల ఏళ్ల నమ్మకాన్నీ చివరికి వదులుకున్నాడు. 1609లో తను రాసిన పుస్తకంలో దీర్ఘవృత్తం బయటికొచ్చింది. ఖగోళ శాస్త్రం మొత్తం మారడానికి ఆ ఎనిమిది నిమిషాలే దారి చూపాయని ఆ పుస్తకంలోనే రాశాడు.

ఇంకొకరు కొలిచిన కొలత మీద అంత గౌరవం చూపించిన మనిషి కాబట్టి ఆయనంటే నాకు అంత ఇష్టం. ఇక మీరు చెప్పండి.

రసాయన రమ:
నా ఓటు మైకేల్ ఫారడేకి. కమ్మరి కొడుకు. పద్నాలుగో ఏట పుస్తకాలు బైండింగ్ చేసే రీబో దుకాణంలో పనికి కుదిరాడు. బైండింగుకి వచ్చిన పుస్తకాలు చదువుతూనే సైన్సు నేర్చుకున్నాడు. 1812లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకి వెళ్లి, రాసుకున్న నోట్సుని శుభ్రంగా తిరగరాసి, బొమ్మలు వేసి, స్వయంగా బైండు చేసి డేవీకే పంపాడు. 1813లో అక్కడే సహాయకుడిగా ఉద్యోగం వచ్చింది.

ఈ కథ చాలామందికి తెలుసు. నన్ను పట్టేసింది మాత్రం 1831 ఆగస్టు 29. ఇనుప వలయానికి ఒక పక్క ఒక తీగచుట్ట, రెండో పక్క ఇంకో తీగచుట్ట. మొదటిదానికి బ్యాటరీ, రెండోదానికి కరెంటు వస్తే కదిలే సూది. కరెంటు పారినంతసేపు రెండో చుట్టలోనూ కరెంటు ఉంటుందని అందరూ ఆశించారు. సూది మాత్రం బ్యాటరీ తగిలించిన క్షణంలో ఒకసారి, తీసేసిన క్షణంలో ఒకసారి కదిలి ఊరుకుంది. మధ్యలో ఏమీ లేదు. ఆ చిన్న కదలికని చూసి, అయస్కాంత ప్రభావం ఉండడం కాదు, మారడం ముఖ్యమని ఆయన పట్టుకున్నాడు. రెండు నెలలు తిరిగేలోపు రాగి పళ్లేన్ని అయస్కాంత ధ్రువాల మధ్య తిప్పి నిలకడైన కరెంటు పుట్టించాడు. ఈ రోజు జనరేటర్లన్నీ ఆ సూత్రం మీదే తిరుగుతున్నాయి.

అంతకుముందు కూడా అలాంటి ప్రయోగాల్లో ఎన్ని సూదులు కదిలి ఉంటాయో, ఎవరి చూపు అటు పోలేదో! ఎదురుచూసినది రాకపోయినా వచ్చినదాన్ని చూడగలగడం ఎంత కష్టమో ల్యాబులో పనిచేసేవాళ్లకి తెలుస్తుంది.

లెక్కల మాస్టారు:
రమ గారూ, మంచి ఎంపిక. ఒక మాట కలుపుతాను. ఫారడేకి లెక్కలు రావు. ఆయన పరిశోధన గ్రంథాల్లో ఒక్క సమీకరణం వెతికినా దొరకడం కష్టం. దాంతో అయస్కాంతం చుట్టూ బలం రేఖల్లా పరుచుకుని ఉంటుందని ఆయన చెప్పిన బలరేఖల్ని గణితజ్ఞులు పెద్దగా లెక్కచేయలేదు. 1850ల మధ్యలో ఇరవైల్లో ఉన్న మాక్స్‌వెల్ ఆ బలరేఖల్నే గణితంలోకి దింపాడు. ఆ వ్యాసం చేతికందాక ఫారడే 1857లో మాక్స్‌వెల్‌కి ఉత్తరం రాసి ఒక కోరిక కోరాడు. గణితజ్ఞులు తేల్చుకున్న విషయాన్ని మామూలు భాషలో కూడా చెబితే మాలాంటివాళ్లం ప్రయోగాలతో దాని మీద పనిచేసుకోవచ్చు కదా అని.

అప్పటికి ఫారడేకి 65 దాటాయి, యూరప్ అంతా పేరున్న మనిషి. తన మనవడి వయసున్న కుర్రాణ్ణి అలా అడగడానికి మొహమాటపడలేదు. నేను ఇన్నేళ్లు పాఠాలు చెప్పాను కాబట్టి ఆ ఉత్తరం విలువ నాకు బాగా తెలుసు.

సూక్ష్మదర్శిని:
నేను జీవశాస్త్రం వైపు మనిషిని. బార్బరా మెక్‌క్లింటాక్ పేరు చెప్పకుండా ఉండలేను.

1940ల్లో అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పరిశోధన సంస్థలో ఆమె పండించిన మొక్కజొన్న గింజల మీద రంగు మచ్చలు ఉండేవి. ఒక గింజలో మచ్చలు పెద్దవి, ఇంకోదానిలో చిన్నవి, కొన్నిట్లో అసలు లేవు. ఏడాదికి ఒకటో రెండో పంటలు, అంటే ఏడాదికి ఒకటో రెండో ప్రశ్నలు. ప్రతి మొక్కనీ తనే నాటి, తనే పరాగ సంపర్కం చేయించి, క్రోమోజోముల్ని తనే మైక్రోస్కోపు కింద చూసేది. చివరికి జన్యు పదార్థంలో కొన్ని ముక్కలు ఉన్నచోట ఉండవు, ఒకచోటు నుంచి ఇంకోచోటుకి గెంతుతాయి, పక్కనున్న జన్యువుల పనిని ఆపనూ గలవు, మళ్లీ మొదలుపెట్టించనూ గలవు అని తేల్చింది.

1951లో ఇది సభలో చెప్తే మౌనమే సమాధానం. జన్యువులంటే దండలో పూసల్లా ఉన్నచోటే ఉంటాయని నమ్మే కాలం అది. 1953 తర్వాత ఆమె ఈ విషయం మీద పెద్ద పత్రికలకి రాయడం దాదాపు మానేసింది. పని మాత్రం మానలేదు. ఏటా తన సంస్థ వార్షిక నివేదికలో ఫలితాలు రాసుకుంటూ పోయింది. తర్వాత బ్యాక్టీరియాలో కూడా గెంతే జన్యువులు దొరికాయి. 1983లో, 81 ఏళ్ల వయసులో, నోబెల్ ఆమె ఒక్కదానికే ఇచ్చారు. మన జన్యురాశిలో దాదాపు సగం ఈ గెంతే ముక్కల నుంచి వచ్చినదేనని ఇప్పుడు తెలుసు.

బహుమతి వచ్చినప్పుడు ఆమె అన్న మాట నాకు కన్నీళ్లు తెప్పిస్తుంది. ఇన్నేళ్లూ మొక్కజొన్నని ప్రశ్నలడుగుతూ, అది చెప్పే జవాబులు చూస్తూ ఇంత ఆనందం పొందినదానికి పైగా బహుమతి కూడా ఇవ్వడం అన్యాయంగా అనిపించవచ్చని అంది. ఆ ముప్పై ఏళ్ల చేదు అన్నది లేదు ఆ మాటలో.

నిశాచరి:
రాత్రి ఆకాశం పిచ్చి ఉన్నదాన్ని. నా దగ్గర ఇద్దరున్నారు, ఒకరిని వదలమంటే నా వల్ల కాదు.

మొదట హెన్రియెట్టా లెవిట్. హార్వర్డ్ అబ్జర్వేటరీలో ఫోటో పలకల మీద నక్షత్రాల వెలుగు కొలిచే ఉద్యోగం. చెవులు సరిగా వినపడవు. టెలిస్కోపుతో సొంత పరిశోధన చేసుకునే అవకాశం అక్కడి ఆడవాళ్లకి లేదు. ఎవరో పెరూలో తీసి పంపిన పలకల్లో మెజెల్లాన్ మేఘాలు అనే చిన్న గెలాక్సీలలోని 1777 చరతారల్ని, అంటే వెలుగు మారుతుండే తారల్ని, పట్టి 1908లో ప్రకటించింది. వాటిలో కొన్నిటి దగ్గర ఒక్క వాక్యం రాసింది. ఎక్కువ వెలుగున్నవి ఎక్కువ రోజులకి ఒకసారి మిణుకుతున్నాయి, ఇది గమనించదగ్గది అని. 1912లో 25 తారలతో దాన్ని నిరూపించింది. అవన్నీ ఒకే మేఘంలో ఉన్నాయి కాబట్టి మన నుంచి దాదాపు ఒకే దూరం. అంటే వెలుగులో తేడా నిజంగా తారల తేడాయే. మిణుకు కాలం కొలిస్తే అసలు వెలుగు తెలుస్తుంది. అసలు వెలుగు తెలిస్తే దూరం తెలుస్తుంది!

ఖగోళ శాస్త్రవేత్త హబుల్ 1923లో ఆండ్రోమెడాలో అలాంటి తారనే పట్టుకుని, అది మన పాలపుంత బయట ఉన్న వేరే గెలాక్సీ అని చూపించాడు. విశ్వం పెద్దదని మనకి తెలిసింది లెవిట్ కొలబద్దతోనే. ఆమె 1921లోనే పోయింది. 1925లో స్వీడన్ గణితజ్ఞుడు మిట్టాగ్ లెఫ్లర్ నోబెల్‌కి ప్రతిపాదిద్దామని ఆమెకి ఉత్తరం రాశాడు. అప్పటికి ఆమె పోయి మూడేళ్లు దాటిందన్న సంగతి ఆయనకి తెలియదు.

రెండోది సిసీలియా పేన్. మన మేఘనాద్ సాహా 1920లో ఇచ్చిన అయనీకరణ సమీకరణాన్ని నక్షత్రాల వర్ణపటాలకి, అంటే వాటి వెలుగుని రంగులుగా విడదీసిన పట్టీలకి, వర్తింపజేసి, నక్షత్రాల్లో అత్యధికంగా ఉన్నది హైడ్రోజన్ అని 1925 నాటి తన పీహెచ్‌డీ గ్రంథంలో లెక్కగట్టింది. సూర్యుడిలో ఉన్నవీ భూమిలో ఉన్నవీ దాదాపు ఒకే పాళ్లలో ఉంటాయని అప్పటి పెద్దల నమ్మకం. వాళ్లలో పెద్దవాడైన హెన్రీ నారిస్ రసెల్ ఇది అసాధ్యం అన్నాడు. ఆమె తన గ్రంథంలోనే ఈ అంకె బహుశా నిజం కాదని రాయాల్సి వచ్చింది. నాలుగేళ్లకి రసెల్ వేరే దారిలో అదే ఫలితానికి వచ్చాడు, ఆమె పేరు కూడా చెప్పాడు. ఆ ఒక్క వాక్యం చదివినప్పుడల్లా నాకు గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది. లెక్క సరిగ్గా వేసిన పాతికేళ్ల అమ్మాయి చేత అది సరైనది కాదని రాయించారు. అయినా అంకెల పట్టికని మాత్రం అలాగే ముద్రించింది, దాచలేదు.

వాదన:
అందరూ బాధపడినవాళ్లనే చెప్తున్నారు. నేను న్యూటన్ పేరు చెప్తాను, తిట్టుకున్నా సరే. మంచివాడని చెప్పడం లేదు. హుక్‌తో గొడవ, లైబ్‌నిట్జ్‌తో గొడవ. కలనగణితం ముందు ఎవరిదో తేల్చడానికి 1712లో రాయల్ సొసైటీ కమిటీ వేస్తే, అధ్యక్షుడిగా ఉన్న తనే చాటుగా ఆ నివేదిక రాశాడు. ఇవన్నీ తెలిసే చెప్తున్నాను.

కానీ ఆ మనిషి ఏకాగ్రత చూడండి. రంగులు కంటిలో పుడతాయా, వెలుగులో ఉంటాయా అని తెలుసుకోవడానికి మొద్దు సూదిని తన కంటిగుడ్డుకీ ఎముకకీ మధ్య దూర్చి నొక్కి, ఏ రంగు వలయాలు కనపడుతున్నాయో బొమ్మ వేసుకున్నాడు. 1684లో ఖగోళ శాస్త్రవేత్త హాలీ వచ్చి, దూరం వర్గానికి విలోమంగా ఆకర్షణ ఉంటే గ్రహం దారి ఎలా ఉంటుందని అడిగితే దీర్ఘవృత్తం అని అక్కడికక్కడే చెప్పాడు. ఆ లెక్క వేసిన కాగితం దొరక్కపోతే మళ్లీ మొదటి నుంచి రాయడం మొదలుపెట్టి, ఆగకుండా 1687కల్లా మొత్తం ప్రపంచ వ్యవస్థనే రాసేశాడు. కొలబద్ద గారి కెప్లర్ దీర్ఘవృత్తం ఎందుకు వచ్చిందో చెప్పింది ఈయనే. శాస్త్రవేత్తని పనితో కొలవాలి, గుణంతో కాదు అని నా వాదన.

కొలబద్ద:
వాదన గారూ, న్యూటన్ పని ముందు ఎవరైనా తలవంచాల్సిందే. కాకపోతే అభిమానం వేరు, ఆశ్చర్యం వేరు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ని తీసుకోండి. 1909లో గాలిలోని నైట్రోజన్ నుంచి అమ్మోనియా తీశాడు. ఈ రోజు లోకంలో దాదాపు సగం మంది తిండి ఆ ఎరువు మీదే ఆధారపడి ఉందంటారు. అదే మనిషి మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్ 22న, బెల్జియంలోని ఈప్రలో శత్రు సైనికుల మీద క్లోరిన్ గ్యాస్ వదిలించే పనిని దగ్గరుండి చూశాడు. కొద్ది రోజులకే, స్వయంగా రసాయన శాస్త్రంలో డాక్టరేట్ చేసిన ఆయన భార్య క్లారా కాల్చుకుని చనిపోయింది. ఆయన గ్యాసు పని ఆపలేదు. పనితోనే కొలిస్తే ఈయన్ని ఏ గంపలో వేస్తారు?

వాదన:
ఏ గంపలోనూ వేయను. అమ్మోనియాని మెచ్చుకుంటాను, గ్యాసుని అసహ్యించుకుంటాను. ఒకే మనిషిలో రెండూ ఉన్నాయన్న సంగతిని పిల్లలకి దాచకుండా చెప్పాలంటాను. గొప్పవాళ్లంతా దేవుళ్లని చెప్పి పెంచితే, ఆ బుద్ధులు తెలిసిన రోజున సైన్సు మీదే నమ్మకం పోతుంది వాళ్లకి.

రసాయన రమ:
ఆ మాట ఒప్పుకుంటాను. కాకపోతే హేబర్ ఉన్న ఊళ్లోనే, అదే కాలంలో వేరేలా బతికినవాళ్లూ ఉన్నారు. లీజ మైట్నర్ బెర్లిన్‌లో ముప్పై ఏళ్లు ఒట్టో హాన్‌తో కలిసి పనిచేసింది. మొదట్లో ఆడవాళ్లని సంస్థలోకి రానివ్వకపోతే నేలమాళిగలోని వడ్రంగి గదిలో ప్రయోగాలు చేసుకుంది. యూదు కుటుంబంలో పుట్టిన పాపానికి 1938 జూలైలో హాలండ్ మీదుగా స్వీడన్‌కి పారిపోవాల్సి వచ్చింది. ఆ డిసెంబరులో హాన్ ఉత్తరం. యురేనియంని న్యూట్రాన్లతో కొడితే బేరియం వస్తోంది, ఏమిటో అర్థం కావడం లేదని. మేనల్లుడు ఫ్రిష్‌తో మంచులో నడుస్తూ, మధ్యలో ఒక దుంగ మీద కూర్చుని, చీటీల మీద లెక్క వేశారు ఇద్దరూ. కేంద్రకం రెండుగా చీలుతోంది, తగ్గిన ద్రవ్యరాశి సుమారు 200 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిగా మారుతోంది అని తేలింది.

బాంబు తయారీకి పిలుపు వస్తే రానని చెప్పేసింది. 1944 సంవత్సరపు కెమిస్ట్రీ నోబెల్ హాన్ ఒక్కడికే ఇచ్చారు. హాన్‌తో స్నేహం తెంచుకోలేదు, అలాగని నిజం చెప్పకుండానూ ఊరుకోలేదు. 1945లో రాసిన ఉత్తరంలో, మీరంతా నాజీ జర్మనీకి పనిచేశారు, నోరెత్తి ఎదిరించలేదు అని సూటిగా అడిగింది. ఆ ఉత్తరం ఆయనకి చేరలేదు. నాకు ఆమె లెక్క ఎంత గొప్పదో ఆ ఉత్తరం రాయడం అంతే గొప్ప.

ప్రయోగశాల:
ఇంతసేపూ యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు రాకపోవడం నాకు బాధగా ఉంది. అన్నీ చదివి చెప్తున్నాను, మందుల చరిత్రలో అంత విస్తారంగా పనిచేసినవాళ్లు అరుదు.

1920ల్లో హార్వర్డ్‌లో చేరి, ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి తయారుచేశారు. కొలత చిన్నదే, కానీ అదే చేతిలో పట్టుకుని కండరాల్లోకి వెళ్లారు. కండరాలకి శక్తినందించే పదార్థాలు పట్టుకున్నారు: 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. ఏటీపీని జర్మనీలో లోమన్ కూడా అదే సంవత్సరం విడిగా పట్టుకున్నాడు. కండరం పనిచేసే తీరు మీద 1922లో నోబెల్ అందుకున్న సిద్ధాంతాన్ని ఈ ఫలితాలు తిరగరాయించాయి. అంత చేసినా అక్కడ స్థిరమైన ఉద్యోగం దొరకలేదు.

1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. యవ్వనంలో ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయారు. ఫోలిక్ ఆమ్లం ఆ జబ్బుకి మందు. ఆ తర్వాత ఫోలిక్ ఆమ్లాన్ని పోలినట్టే ఉంటూ దాని పనికి అడ్డుపడే అమినోప్టెరిన్‌ని అదే బృందం చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ పిల్లలకి ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించాడు. అంతకుముందు ఆ పిల్లలకి ఇవ్వడానికి డాక్టర్ల చేతిలో ఏమీ లేదు. ఈ రోజు వాడే మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే. బోదకాలుకి ఇచ్చే డీఈసీ మాత్ర, ఆరియోమైసిన్ యాంటీబయాటిక్ కూడా ఆయన నడిపిన విభాగం నుంచి వచ్చినవే. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే పోయారు.

ఆయన్ని నేను ఎందుకు ఇంత ఇష్టపడతానంటే, ప్రతి మందు పైనా తన పేరు ఉండాలని ఎప్పుడూ పట్టుబట్టలేదు. ఆరియోమైసిన్ అంటే డగ్గర్ పేరు, అమినోప్టెరిన్ అంటే ఫార్బర్ పేరు చెప్తారు. వాటి వెనకాల ఈ మనిషి ఉన్నాడని తెలుసుకోవాలంటే వెతుక్కోవాలి.

లెక్కల మాస్టారు:
బాగా చెప్పారు ప్రయోగశాల గారూ. నేను ఇప్పుడు నా అభిమాన శాస్త్రవేత్త పేరు చెప్తాను: సుబ్రహ్మణ్యం చంద్రశేఖర్.

1930లో 19 ఏళ్ల వయసులో ఇంగ్లండ్ వెళ్లే ఓడలో శ్వేత మరుగుజ్జు తారల మీద, అంటే ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన తారల మీద, లెక్క మొదలుపెట్టారు. సూర్యుడికి సుమారు 1.4 రెట్లు మించిన ద్రవ్యరాశి ఉంటే ఆ తార అలా నిలబడలేదు, కుంగిపోతూనే ఉంటుంది అని తేలింది. 1935 జనవరి 11న రాయల్ ఆస్ట్రొనామికల్ సొసైటీలో చెప్పారు. వెంటనే అప్పటి పేరున్న ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ లేచి, తార ఇంత అసంబద్ధంగా ప్రవర్తించకుండా ఆపే ప్రకృతి నియమం ఏదో ఉండాలి అన్నాడు. సభ ఎడింగ్టన్ వైపే ఉంది.

తర్వాత చంద్రశేఖర్ చేసిన పనే నాకు ఆదర్శం. అరవలేదు. లెక్కని 1939లో ఒక పుస్తకంలో పద్ధతిగా పెట్టి ఇంకో విషయానికి వెళ్లిపోయారు. నక్షత్రాల గుంపుల గతి, తర్వాత వికిరణ ప్రసారం, తర్వాత ద్రవాల స్థిరత్వం, తర్వాత తిరిగే గోళాల ఆకారాలు, చివరికి కృష్ణబిలాలు. ఒక్కో విషయానికి కొన్నేళ్లు ఇచ్చి, పూర్తిగా పట్టు సాధించి, గ్రంథం రాసి, మళ్లీ కొత్త విషయంలో విద్యార్థిలా మొదలుపెట్టేవారు. ఎడింగ్టన్‌తో మర్యాద కూడా చెడగొట్టుకోలేదు. ఆయన పని గొప్పతనం గురించి దశాబ్దాల తర్వాత కూడా ఉపన్యాసాలు ఇచ్చారు.

సూక్ష్మదర్శిని:
మాస్టారూ, గమనించారా? ఆయనకి భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది కూడా 1983లోనే, మెక్‌క్లింటాక్‌కి వచ్చిన ఏడాదే! ఒకరు 1935లో, ఒకరు 1951లో చెప్పిన మాట. ఒకే వేదిక మీద ఇద్దరూ.

జిజ్ఞాస:
నేను ఇంకా చదువుకుంటున్నాను, పెద్దవాళ్ల మధ్య మాట్లాడుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఒక సందేహం. ఇక్కడ చెప్పినవాళ్లలో చాలామందిని మొదట ఎవరూ నమ్మలేదు, తర్వాత వాళ్లదే నిజమైంది. మరి ఎవరూ నమ్మకపోయినా పట్టుదలగా ఉండి, చివరికి తప్పని తేలినవాళ్లు కూడా ఉంటారు కదా? వాళ్లకి కూడా పట్టుదల ఉంది. అప్పుడు మనం పట్టుదలని ఎలా మెచ్చుకోవాలి?

కొలబద్ద:
జిజ్ఞాస గారూ, ఈ చర్చలో అడగాల్సిన ప్రశ్న మీరే అడిగారు.

ఒక ఉదాహరణ చెప్తాను. 1903లో ఫ్రాన్స్‌లో రెనే బ్లాండ్‌లో అనే పేరున్న భౌతిక శాస్త్రవేత్త ఎన్-కిరణాలు అనే కొత్త కిరణాలు కనిపెట్టానన్నాడు. మసక వెలుగులో ఒక నిప్పురవ్వ కాస్త ప్రకాశవంతంగా కనపడడమే సాక్ష్యం. చాలామంది మాకూ కనపడ్డాయన్నారు. 1904లో రాబర్ట్ వుడ్ అనే అమెరికన్ ఆ ల్యాబుకి వెళ్లి, చీకట్లో ఎవరికీ తెలియకుండా పరికరంలోని అల్యూమినియం పట్టకాన్ని తీసేశాడు. వాళ్లు మాత్రం కిరణాల కొలతలు ఎప్పటిలాగే చదువుతూ పోయారు! బయటి దేశాల్లో ఆ కిరణాల కథ అక్కడితో ముగిసింది. బ్లాండ్‌లో మాత్రం నమ్మకం వదల్లేదు.

పట్టుదలలో ఆయన మెక్‌క్లింటాక్‌కి తీసిపోడు. తేడా ఎక్కడుందంటే, ఆమె గింజలు ఎవరైనా నాటి చూసుకోవచ్చు. ఆమె ప్రతి అనుమానాన్నీ ఇంకో పంట వేసి మొక్కనే అడిగింది. బ్లాండ్‌లో తన కంటిని ఎప్పుడూ అనుమానించలేదు. అందుకే ఎవరూ నమ్మలేదు అన్నది అర్హత కాదు. తనని తాను తప్పని పట్టుకోవడానికి ఎంత కష్టపడ్డాడు అన్నది నేను చూస్తాను.

సూక్ష్మదర్శిని:
ఈ విషయంలో డార్విన్‌ని మించినవాడు లేడు. తన సిద్ధాంతానికి అడ్డొచ్చే సంగతి ఏది కనపడినా వెంటనే రాసి పెట్టుకునేవాడు. అనుకూలమైనవాటికంటే అలాంటివి తొందరగా మరిచిపోతామని అనుభవంతో తెలుసుకుని పెట్టుకున్న నియమం అది. సిద్ధాంతం చేతిలో ఉంచుకుని, 1846 నుంచి 1854 దాకా ఎనిమిదేళ్లు బార్నకిల్స్ అనే సముద్ర జీవుల్ని కోసి పరిశీలించాడు. ఒకే జాతిలో ఎన్ని తేడాలుంటాయో తన చేతులతో చూడకుండా జాతుల గురించి మాట్లాడే హక్కు తనకి లేదనుకున్నాడు.

ఆయన ఆఖరి పుస్తకం, 1881లో, వానపాముల మీద. అవి శబ్దం వింటాయా అని చూడటానికి కొడుకు చేత బసూన్ అనే ఊదే వాద్యాన్ని వాయించాడు, దగ్గరే పియానో మోగించాడు. ఏమీ లేదు. అవి ఉన్న మట్టి కుండీని పియానో మీద పెట్టి మీట నొక్కితే మాత్రం చటుక్కున మట్టిలోకి దూరిపోయాయి. గాలిలో శబ్దం తెలియదు, అదురు తెలుస్తుంది. మానవ జాతి తన గురించి తాను అనుకునేది మొత్తం మార్చేసిన మనిషి, డెబ్బై దాటాక, అంతే శ్రద్ధతో వానపాముల్ని అడుగుతున్నాడు. నాకు ఇది చాలా ఇష్టం.

వాదన:
జిజ్ఞాస గారి ప్రశ్నకి ఇంకో వైపు కూడా ఉంది. సరైన మాట చెప్పినా నమ్మించలేకపోతే ఏం జరుగుతుందో సెమ్మెల్‌వైస్ కథ చూడండి. వియన్నా ఆసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలు. డాక్టర్లు చూసేదాంట్లో తల్లులు ఎక్కువగా చనిపోతున్నారు, మంత్రసానులు చూసేదాంట్లో తక్కువ. శవపరీక్ష చేసిన చేతులతోనే డాక్టర్లు కాన్పులు చేస్తున్నారని గుర్తించి, 1847లో క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాడు. ఏప్రిల్లో 18 శాతం ఉన్న మరణాలు కొద్ది నెలల్లో 2 శాతం దగ్గరికి పడిపోయాయి. అయినా పెద్ద డాక్టర్లు ఒప్పుకోలేదు. ఆయనా చాలా ఏళ్లు సరైన పుస్తకం రాయలేదు, రాసినప్పుడు తిట్లతో నింపాడు. 1865లో పిచ్చాసుపత్రిలో పోయాడు. చెప్పే తీరు కూడా సైన్సులో భాగమే. ఆలస్యమైన ప్రతి ఏడూ ఎంతమంది తల్లుల ప్రాణాలో!

ప్రయోగశాల:
నిజమే. ఆధునిక కాలం నుంచి తూ యూయూ పేరు కలిపి నేను ఆపుతాను. చైనాలో 1969లో మలేరియా మందు వెతికే పని ఆమెకి అప్పగించారు. డాక్టరేట్ లేదు, విదేశీ శిక్షణ లేదు. పాత వైద్య గ్రంథాలు తిరగేసి, వైద్యుల్ని అడిగి రెండు వేలకి పైగా చిట్కాలు పోగుచేసింది. చింగ్‌హావ్ అనే మాచిపత్రి జాతి మొక్క మొదట్లో ఆశ పుట్టించింది కానీ ఫలితం ఒకసారి వచ్చేది, ఒకసారి వచ్చేది కాదు. నాలుగో శతాబ్దపు గే హాంగ్ గ్రంథంలో ఈ మొక్క గుప్పెడు తీసుకుని నీళ్లలో నానబెట్టి, పిండి రసం తాగమని ఉంది. మరిగించమని లేదు! వేడికే మందు గుణం పోతోందేమోనని తక్కువ వేడిలో ఆవిరయ్యే ఈథర్‌తో సారం తీసింది. 1971 అక్టోబరు 4న పరీక్షించిన 191వ నమూనా ఎలుకల్లో మలేరియా క్రిముల్ని పూర్తిగా చంపింది. మనుషులకి ఇవ్వబోయే ముందు ఆమె, ఇద్దరు సహోద్యోగులు తామే తాగి చూసుకున్నారు. 1977లో ఆ అణువు గురించి తొలి వ్యాసం వచ్చినప్పుడు దాని మీద ఎవరి పేర్లూ లేవు.

జిజ్ఞాస:
మరిగించమని లేదు అన్న సంగతి గమనించడం! నేనైతే ఆ వాక్యం పదిసార్లు చదివినా దాటేసేదాన్ని. అందరికీ ధన్యవాదాలు. ప్రయోగశాల గారూ, పేర్లు లేకుండా వచ్చిన ఆ వ్యాసం తర్వాత ఆమె పేరు బయటికి ఎలా వచ్చింది?

ప్రయోగశాల:
చాలా ఏళ్లు పట్టిందమ్మా. ఆ మొక్క నుంచి తీసిన మందు ఆర్టెమిసినిన్ లక్షల ప్రాణాలు కాపాడాక, దీన్ని మొదట ఎవరు తీశారని మలేరియా పరిశోధకులు పాత నివేదికలు, నోట్సులు వెతికారు. 2011లో లాస్కర్ బహుమతి, 2015లో నోబెల్ వచ్చాయి. స్టాక్‌హోమ్‌లో ఆమె ఇచ్చిన ఉపన్యాసంలో గే హాంగ్ గ్రంథం గురించీ, కలిసి పనిచేసిన మిగతా బృందాల గురించీ వివరంగా చెప్పింది.